విజయవాడ, గుంటూరు నుంచి వాతావరణ పరిశోధనలోకి వెళ్లాలంటే

2024 ఆగస్టు చివర్లో కురిసిన వానకి బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిపోయాక, ఆ వెంటనే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద చూశాక, మన దగ్గర డిగ్రీ, బీటెక్ చదివే పిల్లలు చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే: ఇలాంటి వానని ముందే లెక్కగట్టే పనిలోకి వెళ్లాలంటే ఏం చదవాలి? దారి ఉంది, కోట్లు ఖర్చుపెట్టక్కర్లేదు, ఐఐటీలో బీటెక్ చేసి ఉండక్కర్లేదు. కానీ మ్యాథ్స్ వదలకూడదు, డేటాతో పని చేయడం డిగ్రీలో ఉండగానే మొదలుపెట్టాలి. మిగతావన్నీ ఈ రెండిటి తర్వాతే.

మొదట తీరాల్సిన అయోమయం కోర్సు పేరు గురించి. పేరులో ఎన్విరాన్‌మెంట్ అని ఉంటే చాలు క్లైమేట్ పరిశోధనకి పనికొస్తుందని అనుకుని చేరిపోతారు. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ మంచి సబ్జెక్టే, అయితే అందులో ఎక్కువ భాగం నీటి కాలుష్యం, వ్యర్థాలు, జీవవైవిధ్యం, చట్టాలు. బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనం ఒకసారి తుపానుగా మారి ఇంకోసారి ఎందుకు తేలిపోతుంది అన్నది పూర్తిగా ఫిజిక్సు, లెక్కలు. మెటియరాలజీ ఎమ్మెస్సీలో చేరాక ఎదురయ్యేది థర్మోడైనమిక్స్, వెక్టర్ కాల్‌క్యులస్, పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్లు. అందుకే ఇప్పుడు డిగ్రీలో చేరుతున్నవాళ్లు ఫిజిక్స్, మ్యాథ్స్ రెండూ ఉండేలా చూసుకోండి, ఒకటి మేజర్ (ప్రధాన సబ్జెక్టు) అయితే రెండోది కనీసం మైనర్‌గా అయినా ఉండాలి. కాలేజీలో ఆ కాంబినేషన్ లేదంటే చేరకముందే ఇంకో కాలేజీ చూడండి.

పీజీకి మనకి దగ్గరది విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీ. అక్కడి మెటియరాలజీ, ఓషనోగ్రఫీ విభాగం దేశంలో పాతవాటిలో ఒకటి, ప్రవేశం ఏపీ పీజీసెట్ ద్వారా. ఇంటికి దూరం పంపడానికి అమ్మానాన్నలు టెన్షన్ పడుతుంటే ముందు ఇదే చూపించండి, రైలెక్కితే పూటలో చేరిపోతారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో భూమి, సముద్ర, వాతావరణ శాస్త్రాల కేంద్రం ఉంది, దానికి సీయూఈటీ పీజీ రాయాలి. ఐఐటీ భువనేశ్వర్‌లో వాతావరణ, సముద్ర శాస్త్రాల ఎమ్మెస్సీకి జామ్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి, కొచ్చిలోని కుసాట్‌కి వాళ్ల సొంత పరీక్ష ఉంది. బీటెక్ వాళ్లయితే గేట్ రాసి ఐఐటీ ఢిల్లీ, ఐఐటీ ఖరగ్‌పూర్, బెంగళూరు ఐఐఎస్‌సీ వైపు చూడొచ్చు. గేట్‌లో ఇంజనీరింగ్ సైన్సెస్ పేపర్ కింద వాతావరణ, సముద్ర శాస్త్రాల సెక్షన్ విడిగా ఉందని మన కాలేజీల్లో చాలామందికి తెలియదు. అగ్రికల్చర్ బీఎస్సీ వాళ్లకి దారి వేరు: గుంటూరు లాంలో ఉన్న ఎన్జీ రంగా వర్సిటీ, హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రిడా (CRIDA) వంటి చోట్ల పంటలు, వాన, ఎండల మధ్య సంబంధం మీద పని జరుగుతుంది, మిర్చి, పత్తి పండే జిల్లాల పిల్లలకి అది చాలా విలువైన పని. జామ్, గేట్ రెండూ ఫిబ్రవరిలో, దరఖాస్తులు మాత్రం అంతకు ముందే, వానాకాలం ముగిసేలోపే మొదలవుతాయి. ఆఖరి సంవత్సరం సంక్రాంతికి గుర్తొస్తే ఆ ఏడాది పోయినట్టే.

ఇక అసలు పని. పరీక్షలో ర్యాంకు సీటు ఇప్పిస్తుంది, పరిశోధన ఉద్యోగం ఇప్పించేది మాత్రం మీరు చేసి చూపించిన పని. దానికి ల్యాబ్ అక్కర్లేదు, మామూలు ల్యాప్‌టాప్, నెట్ ఉంటే సరిపోతుంది, ల్యాప్‌టాప్ మరీ నెమ్మదిగా ఉంటే బ్రౌజర్‌లోనే కోడ్ నడిపే గూగుల్ కొలాబ్‌లో చేయండి. భారత వాతావరణ శాఖ 1901 నుంచి రోజువారీ వర్షపాతాన్ని పావు డిగ్రీ గ్రిడ్ మీద ఉచితంగా ఇస్తోంది, అంటే సుమారు 27 కిలోమీటర్లకి ఒక బిందువు. అందులో 16.5 ఉత్తర అక్షాంశం, 80.75 తూర్పు రేఖాంశం దగ్గరున్న బిందువు దాదాపు విజయవాడదే. పైథాన్‌లో ఐఎండీలిబ్, ఎక్స్‌అరే అనే ప్యాకేజీలతో ఆ ఫైళ్లు తెరవొచ్చు. ముందు ఒక్క సంవత్సరం తీసుకోండి, ఒక్క గ్రాఫ్ గీయండి. తర్వాత మీకు తెలిసిన సంఘటనతో సరిచూడండి: 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, ఆ రోజుల వాన మీ మ్యాప్‌లో అక్కడ కనిపించకపోతే కోడ్‌లో అక్షాంశాలు తిరగబడ్డాయేమో చూసుకోవాలి. ఇంకో సంగతి, మన దగ్గర వర్షపాతం ఉదయం 8:30కి కొలుస్తారు, కాబట్టి ఆగస్టు 31న పగలంతా కురిసిన వాన సెప్టెంబరు 1 తేదీ కింద నమోదవుతుంది. ఈ చిన్న విషయం తెలిసి పని చేసినవాడికీ తెలియకుండా చేసినవాడికీ తేడా ఇంటర్వ్యూలో రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

గ్రాఫ్ వచ్చాక ఒక ప్రశ్న పెట్టుకోండి, చిన్నదే ఉండాలి. రోజులో 64.5 మిల్లీమీటర్లు లేదా అంతకు మించితే వాతావరణ శాఖ లెక్కలో భారీ వర్షం. కృష్ణా, గుంటూరు ప్రాంతంలో అలాంటి రోజులు 1951 నుంచి పెరిగాయా తగ్గాయా, పెరిగితే నైరుతి రుతుపవన కాలంలోనా, అక్టోబరు తర్వాత ఈశాన్య కాలంలోనా? లేదా వేసవి వైపు వెళ్లాలనిపిస్తే, ఎండలకి పేరుపడ్డ రెంటచింతల చుట్టుపక్కల 40 డిగ్రీలు దాటే రోజుల మీద ఇలాంటిదే చేయొచ్చు, ఉష్ణోగ్రత గ్రిడ్ ఒక డిగ్రీది కాబట్టి అది కాస్త ముతకగా ఉంటుంది. పెరుగుదల, తగ్గుదల నిజమైనదేనా అని తేల్చే మాన్-కెండాల్ పరీక్ష, అది ఎంత వేగంగా ఉందో చెప్పే సెన్ స్లోప్ నేర్చుకుని ట్రెండ్ లెక్కవేయండి. ఫలితం తేలకపోయినా, ట్రెండ్ లేదని వచ్చినా అలాగే రాయండి, ఎవరూ మార్కులు తీసేయరు. గ్రిడ్ తయారీకి వాడిన స్టేషన్ల సంఖ్య ఏళ్లతో పాటు మారింది కాబట్టి పాత దశాబ్దాలని ఇప్పటివాటితో పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరమని ఒక పేరా పెట్టండి, ఆ పేరాకి మిగతా పని మొత్తం కంటే ఎక్కువ విలువ ఉంటుంది. గాలి, పీడనం కూడా కావాలంటే 1940 నుంచి గంటగంటకీ లెక్కలున్న ఈఆర్ఏ5 డేటా యూరప్ వాళ్ల కోపర్నికస్ సైట్‌లో రిజిస్టర్ చేసుకుంటే ఉచితం, ఇన్శాట్ ఉపగ్రహ చిత్రాలకి ఇస్రో వాళ్ల మోస్‌డాక్ సైట్ ఉంది. కోడ్, నాలుగు పేజీల రిపోర్టు, కోడ్ అందరికీ కనిపించేలా దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో పెట్టండి.

ఇప్పుడు మెయిల్ రాయొచ్చు. ‘మీ దగ్గర ఏదైనా అవకాశం ఉంటే చెప్పండి సార్’ అని యాభై మందికి ఒకే మెయిల్ పంపితే జవాబు రాదు. ఒక్కరిని ఎంచుకోండి, ఆయన లేదా ఆమె ఇటీవలి పేపర్ ఒకటి కనీసం సారాంశం, గ్రాఫులు, ముగింపు అయినా చదవండి. మెయిల్ ఇంగ్లీషులోనే రాయాలి, సాదా ఇంగ్లీషు చాలు: మొదటి వాక్యంలో మీరెవరు, రెండో దాంట్లో మీరు చేసిన పని, లింక్, మూడో దాంట్లో వాళ్ల పేపర్‌లో మీకు అర్థంకాని నిజమైన ప్రశ్న, ఆఖర్న ఏ నెలలు ఖాళీగా ఉంటారో. పది లైన్లు దాటకూడదు. వేసవి ఇంటర్న్‌షిప్ కావాలంటే ఏప్రిల్‌లో కాదు, డిసెంబరు లోపే అడగాలి. సైన్స్ అకాడమీల సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి కూడా ముందు ఏడాది చివర్లోనే దరఖాస్తు చేసుకోవాలి.

ఉద్యోగాల విషయానికొస్తే, మన రాష్ట్రంలోనే తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల నార్ల్ ఉంది, పై వాతావరణంలోని గాలుల్ని కొలిచే ఎంఎస్‌టీ రాడార్ అక్కడిదే. హైదరాబాద్‌లో సముద్రం మీద పనిచేసే ఇన్‌కాయిస్, పుణేలో రుతుపవనాల పరిశోధనకి పెద్ద దిక్కయిన ఐఐటీఎం (ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ), నోయిడాలో వాతావరణ అంచనా మోడళ్లు నడిపే ఎన్‌సీఎంఆర్‌డబ్ల్యూఎఫ్ ఉన్నాయి. వీటిలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో), ప్రాజెక్ట్ అసోసియేట్, ప్రాజెక్ట్ సైంటిస్ట్ ప్రకటనలు వాళ్ల సొంత వెబ్‌సైట్లలోనే వస్తాయి, గడువు చాలాసార్లు మూడు నాలుగు వారాలే, కాబట్టి వారానికోసారి చూసే అలవాటు చేసుకోండి. 2024 సెప్టెంబరులో కేంద్రం 2,000 కోట్లతో మిషన్ మౌసమ్ ఆమోదించింది, రాడార్లు, మోడళ్ల మీద పని పెరిగేది దాని కిందే. ప్రాజెక్ట్ పోస్టులు పర్మనెంట్ కావు, ఇది ఇంట్లో ముందే చెప్పండి. ఇంటర్వ్యూలో ప్రాజెక్ట్ ఇంకా ఎన్నాళ్లుంది, పీహెచ్‌డీకి రిజిస్టర్ అవనిస్తారా అని అడగడంలో తప్పేం లేదు.

పీహెచ్‌డీకి గట్టి పునాది సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష, అందులో భూమి, వాతావరణ, సముద్ర, గ్రహ శాస్త్రాలకి ప్రత్యేక పేపర్ ఉంది. ఫిజిక్స్ పేపర్ రాసి వచ్చేవాళ్లని కూడా చాలా సంస్థలు తీసుకుంటాయి. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకి 37,000, రెండేళ్ల తర్వాత 42,000, పైన ఇంటి అద్దె భత్యం. పర్మనెంట్ సర్కారు ఉద్యోగమే కావాలంటే వాతావరణ శాఖ సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ద్వారా భర్తీ అవుతాయి. 2022లో 990 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు, అప్పుడు ఫిజిక్స్ ఒక సబ్జెక్టుగా ఫస్ట్ క్లాస్‌లో డిగ్రీ పాసైనవాళ్లు అర్హులు. అది ప్రతి ఏడాదీ రాదు, దాని కోసమే కూర్చోవద్దు.

విదేశాల గురించి క్లుప్తంగా: అమెరికాలో పీహెచ్‌డీకి ఎక్కువచోట్ల ఫీజు మాఫీ, స్టైపెండ్ ఉంటాయి, ఎమ్మెస్‌కి సాధారణంగా ఉండవు, కాబట్టి లోన్ తీసుకుని ఎమ్మెస్‌కి వెళ్లేముందు నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు చేసి చూడండి. జర్మనీలో హాంబర్గ్ యూనివర్సిటీ క్లైమేట్ మాస్టర్స్‌కి ట్యూషన్ ఫీజు లేదు, కానీ వీసాకి ఏడాది ఖర్చు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీసుకోనిచ్చే బ్యాంకు ఖాతాలో) ముందే చూపాలి. అమెరికా గడువులు ఎక్కువగా డిసెంబరులో పడతాయి. రికమండేషన్ లెటర్ ఇచ్చే లెక్చరర్లని దసరా సెలవులకి ముందే అడగండి, అడిగినప్పుడే మీ రిపోర్టు కూడా చేతికివ్వండి, అది ఉంటే వాళ్లకి మీ గురించి రాయడానికి నిజంగా ఏదో ఒకటి దొరుకుతుంది.