ఆవిరి రేడియేటర్లున్న పాత అపార్ట్‌మెంట్‌లో ఏసీ పెట్టించాలంటే

న్యూయార్క్‌లో 1940కి ముందు కట్టిన బిల్డింగ్‌లో ఫ్లాట్ కొన్న మనవాళ్లు మొదట అడిగేది ఒకటే, వేడికి పైపులున్నాయి కదా, వాటిలోంచే చల్లదనం కూడా రాదా అని. రాదు. బేస్‌మెంట్‌లో బాయిలర్ నీళ్లు కాస్తే ఆవిరి తనంతట తానే పైకెక్కి, గదిని వేడి చేసే ఇనుప దిమ్మె అయిన రేడియేటర్‌లో చల్లారి నీరవుతుంది, చాలా బిల్డింగుల్లో ఆ నీరు వచ్చిన పైపులోంచే కిందికి దిగిపోతుంది. చల్లటి నీళ్లు తిప్పాలంటే పోవడానికొకటి, రావడానికొకటి పైపు ఉండాలి, పంపు ఉండాలి, పైపుకి చెమట పట్టకుండా ఇన్సులేషన్ ఉండాలి, ఆ ఏర్పాటేదీ అక్కడ లేదు. పోనీ హైదరాబాద్‌లోలాగా స్ప్లిట్ తగిలించి అవుట్‌డోర్ యూనిట్ బాల్కనీలో పడేద్దామంటే చాలా ఫ్లాట్లకి బాల్కనీయే ఉండదు.

అందుకే రెనొవేషన్‌కి గోడలు తెరిచిన ఆ కొన్ని వారాలనీ వదులుకోవద్దు. ఏ కంపెనీ ఏసీ అనేది ఆఖర్న చూసుకోవచ్చు, ముందు కరెంటు, ఏసీ నుంచి కారే నీళ్లు పోయే దారి, అవుట్‌డోర్ యూనిట్‌కి చోటు తేల్చుకోండి.

పాత ఫ్లాట్లలో ఇల్లు మొత్తానికీ 40, 60 ఆంపులే వచ్చేవి ఇంకా ఉన్నాయి. టన్ను ఏసీ ఒక్కటే సుమారు కిలోవాట్ లాగుతుంది, అదే లైన్ మీద మైక్రోవేవ్ పెడితే బ్రేకర్ పడిపోతుంది. స్ప్లిట్‌కైతే మామూలుగా 208 లేదా 240 వోల్టుల విడి లైన్ కావాలి. ఆంపులు పెంచాలంటే బేస్‌మెంట్ నుంచి వచ్చే కేబుల్ మార్చాలి, అది మీ చేతిలో ఉండదు, బిల్డింగ్ ఒప్పుకోవాలి. కాబట్టి డిజైన్ గీయించకముందే లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌కి ప్యానెల్, అంటే బ్రేకర్ల పెట్టె, చూపించండి.

ఇక నీళ్లు, నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఇండోర్ యూనిట్ నుంచి బాత్రూం దాకా డ్రెయిన్ పైపుకి వాలు సరిపోలేదు, కాంట్రాక్టర్ చిన్న పంపు పెట్టేద్దాం అన్నాడు, నేనూ సరేనన్నాను. గోడ మూసేశారు. జూలైలో పంపు ఆగిపోయి కొత్త ప్లాస్టర్ ఉబ్బింది, కింద ఫ్లాట్‌లో పెద్దావిడ సీలింగ్ మీద మచ్చ పడింది, ఆవిడ ఇప్పటికీ లిఫ్ట్‌లో నాతో మాట్లాడదు. అడుగుకి పావు అంగుళం వాలు లెక్కేసుకుని, బాత్రూం నుంచి వెనక్కి కొలుచుకుంటూ వచ్చి, అది ఎక్కడిదాకా అందుతుందో అక్కడే యూనిట్ పెట్టించండి. పంపు తప్పదంటే, అది ఆగగానే ఏసీని కూడా ఆపేసే స్విచ్ పెట్టించి, పంపు దగ్గర గోడకి చిన్న తలుపు ఉంచండి.

అవుట్‌డోర్ యూనిట్‌కి పై అంతస్తు వాళ్లయితే రూఫ్ అడగొచ్చు, మిగతావాళ్లకి వెనక కోర్ట్‌యార్డే దిక్కు. రెండింటికీ కో-ఆప్ బోర్డు, అంటే ఫ్లాట్ల యజమానులంతా కలిసి బిల్డింగ్ నడిపే సంఘం, సంతకం కావాలి, ల్యాండ్‌మార్క్ ఏరియా (చారిత్రక ప్రాంతంగా సిటీ కాపాడే చోటు) అయితే ల్యాండ్‌మార్క్స్ కమిషన్ అనుమతి కూడా. శబ్దం పక్కింటి తెరిచిన కిటికీకి 3 అడుగుల లోపల 42 డెసిబెల్స్ దాటకూడదని సిటీ రూల్. చోటు దొరక్కపోతే కిటికీకి తగిలించే హీట్ పంపులున్నాయి (చల్లదనం, వేడి రెండూ ఇచ్చే ఏసీలు), మామూలు 120 వోల్టుల ప్లగ్ చాలు. సిటీ పబ్లిక్ హౌసింగ్ కోసం 30,000 పెట్టిస్తామని 2022లో ప్రకటించింది వీటినే. కిటికీ కింద గోడకి కన్నం కొట్టి పెట్టే రకం కూడా ఉంది గానీ, సరిగ్గా ఆ చోటే రేడియేటర్ కూర్చుని ఉంటుంది. సీలింగ్ 9 అడుగులుంటే హాల్ మీదా అల్మరాల మీదా కాస్త దించి, 2 అంగుళాల సన్నటి డక్టులు తిప్పే పద్ధతి నాకు నచ్చింది, ఖర్చు మాత్రం బాగా ఎక్కువ.

పాత ఆవిరి పైపుల చుట్టూ తెల్లటి కట్టు కనిపిస్తే కూలీలని ముట్టుకోనివ్వొద్దు, ఊపిరితిత్తులకి హాని చేసే పీచు, ఆస్‌బెస్టాస్, కావచ్చు. 1987కి ముందు కట్టిన బిల్డింగ్‌కి పర్మిట్ కావాలంటే ఎలాగూ ఆ పరీక్ష కాగితం అడుగుతారు.

రేడియేటర్లు పీకేయకండి. అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా వేడి ఇవ్వడం బిల్డింగ్ బాధ్యత, దాని డబ్బు మెయింటెనెన్స్‌లో మీరు కడుతూనే ఉంటారు. ఒక్క పైపు సిస్టమ్‌లో వాల్వ్ పూర్తిగా తెరిచైనా ఉండాలి, మూసైనా ఉండాలి, సగంలో ఉంచితే లోపల నీళ్లు చిక్కుకుని రాత్రంతా సుత్తితో కొట్టినట్టు మోగుతుంది. కొత్త ఫ్లోరింగ్ వేశాక కూడా రేడియేటర్ వాల్వ్ వైపు కొంచెం వాలి ఉందో లేదో లెవెల్ పెట్టి చూడండి.

ఏసీ సైజు విషయంలో ఆశ వద్దు. 150 చదరపు అడుగుల బెడ్‌రూమ్‌కి 5,000 బీటీయూ (ఏసీ చల్లబరిచే శక్తికి అమెరికా కొలత) దాదాపు సరిపోతుంది. పెద్దది పెడితే నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోతుంది, తేమ అలాగే ఉండి పరుపు చెమ్మగా ఉంటుంది.

గోడ మూసే ముందు ఏసీ గ్యాస్ తిరిగే రాగి పైపుని నైట్రోజన్‌తో ప్రెషర్ టెస్ట్ చేయించండి, తెరిచిన గోడలకి కొలత టేపు పట్టి ఫోటోలు తీసి పెట్టుకోండి. ఆ తర్వాత మీరే ఒక చెంబు నీళ్లు తెచ్చి డ్రెయిన్ ట్రేలో పోసి, బాత్రూంలో మొత్తం బయటికి వచ్చేదాకా అక్కడే నిలబడండి.