నాక్ సెన్సర్ పోయిందా, తీగ తెగిందా?

మా బండి సంగతి మొగిలి ఘాట్‌లో బయటపడింది. చిత్తూరు నుంచి బెంగళూరు తిరిగొస్తున్నాం. ఎప్పుడూ మూడో గేర్లో ఎక్కే చోట రెండుకి దించినా ఈడ్చుకుంటూ పోతోంది. చెక్ ఇంజన్ లైటు వెలిగింది. టకటక చప్పుడు మాత్రం లేదు.

ఆ చప్పుడు లేకపోవడమే ఆనవాలు. స్పార్కు మంట చేరకముందే మిగతా పెట్రోలు మిశ్రమం దానంతటది పేలితే ఇంజన్ బ్లాక్ అదురుతుంది. ఆ అదురును పట్టే చెవి నాక్ సెన్సర్. లోపలి పీజో బిళ్ల చిన్న వోల్టేజీ పుట్టిస్తే, ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) స్పార్కును కాస్త ఆలస్యం చేస్తుంది. చెవే పనిచేయడం లేదని తెలిస్తే చాలా బండ్లలో ఎందుకైనా మంచిదని స్పార్కును వెనకే ఉంచేస్తుంది. ఇంజన్ భద్రం, పికప్పూ మైలేజీ గోవిందా.

చప్పుడు వినిపిస్తుంటే?
ఎత్తు ఎక్కేటప్పుడు రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టుంటే ముందు పెట్రోలును అనుమానించండి. ట్యాంకు తగ్గాక వేరే బంకులో ఇలా ముందే పేలకుండా ఎక్కువ తట్టుకునే 95 ఆక్టేన్ పెట్రోలు పోయించి చూడండి. తగ్గితే తప్పు పెట్రోలుదో, లోపల పేరుకున్న కార్బన్‌దో. ఇంజన్ వేడెక్కుతోందేమో కూడా చూడాలి. బండి నిలబెట్టి ఉన్నా గలగలమంటే సైలెన్సర్ పక్కన రేకు వదులై ఉండొచ్చు. అడుగు నుంచి బరువుగా దడదడ వస్తే మాత్రం బేరింగ్ పని కావచ్చు, బండి నడపకుండా టోయింగ్‌కి ఫోన్ చేయండి.

కోడ్ వస్తే?
స్కానర్ పెడితే పి0325 అనే లోపం కోడ్ వచ్చిందని గ్యారేజీలో కుర్రాడు వెంటనే "సెన్సర్ మార్చేద్దాం సార్" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ కోడ్ చెప్పేది సర్క్యూట్‌లో లోపం ఉందని, సెన్సర్ చచ్చిందని కాదు. పి0327 అంటే సిగ్నల్ తక్కువ, పి0328 అంటే ఎక్కువ. ముందు తీగ చూడాలి. మా అపార్ట్‌మెంటు బేస్‌మెంటులో ఎలుకల రాజ్యం. సెన్సర్ తీగ ప్లగ్గుకి బెత్తెడు దూరంలో పైతొడుగు కొరికేసి, రాగి బయటికి కనిపిస్తోంది. అతికించేటప్పుడు లోపలి షీల్డు తీగను కూడా కలపమని చెప్పండి, లేకపోతే పక్క తీగల గోల సిగ్నల్‌లో కలుస్తుంది. ప్లగ్గులో పచ్చటి చిలుము ఉంటే కాంటాక్ట్ క్లీనర్ చాలు.

తీగ బాగుంటే సెన్సర్ ప్లగ్గు ఊడదీసి, మల్టీమీటరును ఏసీ మిల్లీవోల్టుల్లో పెట్టి, సెన్సర్ పక్కన బ్లాక్ మీద చిన్న స్పానరుతో తట్టండి. సెన్సర్ మీద కొట్టకండి. అంకె కదలకపోతే మార్చాల్సిందే.

మార్చేటప్పుడు
బెంగళూరులో బండి సామాన్లు దొరికే జేసీ రోడ్డులో కొంటే ఛాసిస్ నంబరు చెప్పి, పాతది పక్కన పెట్టి పోల్చుకోండి. చాలా బండ్లలో ఇది ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ కింద ఉంటుంది కాబట్టి సామాను కంటే కూలీయే ఎక్కువ కావచ్చు. బిగించే చోట మట్టీ తుప్పూ ఉండకూడదు, వాషర్ వేయకూడదు. నడుమ బోల్టు దూరే గుండ్రటి రకానికి సాధారణంగా 20 న్యూటన్ మీటర్లు. మీ బండికెంతో మాన్యువల్లో చూసి, టార్క్ రెంచితోనే బిగించమనండి. చేతి అంచనాతో బిగిస్తే కొత్త చెవికీ సరిగ్గా వినపడదు.

కోడ్ చెరిపించి బెంగళూరు దగ్గరి నంది కొండ ఎక్కించి చూడండి. ఊళ్లో ట్రాఫిక్‌లో ఇంజన్ మీద ఆ బరువు పడదు.