సంఘం వేడుకలో బార్ – రెండో పాఠం: టెన్ నోటీసు నింపి పంపడం

ముందుగా పోయిన పాఠంలోని నాలుగు ప్రశ్నలకు జవాబులు. ఫలానా విధంగా మద్యం ఇస్తే అది అమ్మకమా, దానికి అనుమతి కావాలా అన్నవే ఆ ప్రశ్నలు. టికెట్ ధరలోనే "ఒక డ్రింక్ ఫ్రీ" అని కలిపితే అది అమ్మకమే, అనుమతి కావాలి. ఇంట్లో పుట్టినరోజు పార్టీకి వచ్చిన స్నేహితులకు మీ డబ్బుతో పోసిస్తే అనుమతి అక్కర్లేదు. "తోచినంత విరాళం వేయండి" అని డబ్బా పెట్టి, వేసినవాళ్లకే గ్లాసు చేతికిస్తే, దాన్ని విరాళం అని పిలిచినా అమ్మకం కిందికే వస్తుంది. రాఫెల్‌లో (టికెట్లు అమ్మి లాటరీ తీసే ఆటలో) సీలు తీయని వైన్ సీసా బహుమతిగా పెట్టి, వచ్చిన డబ్బు ఎవరి జేబులోకీ పోకుండా సంఘానికే చేరితే మామూలుగా అనుమతి అవసరం లేదు. మూడోదాని దగ్గర తడబడినవాళ్లు ఆ పాఠాన్ని మరోసారి చదివి రండి. ఇవాళ్టి పని అంతా "మనం అమ్ముతున్నాం" అని తేలాక మొదలయ్యేదే: ఆ సంగతి స్థానిక కౌన్సిల్‌కు ముందే తెలియజేసే టెన్ అనే నోటీసు ఇవ్వడం.

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఉండే తెలుగు సంఘాలవాళ్ల కోసమే ఈ పాఠాలు. స్కాట్లండ్‌కు 2005 నాటి వేరే చట్టం ఉంది, అక్కడ తీసుకునేది అకేషనల్ లైసెన్స్. నార్తర్న్ ఐర్లండ్ పద్ధతి కూడా వేరే. గ్లాస్గోలోనో బెల్‌ఫాస్ట్‌లోనో ఉన్నవాళ్లు ఇక్కడి అంకెలను తమకు వర్తింపజేసుకోవద్దు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో మద్యం అమ్మకాన్ని నడిపేది 2003 లైసెన్సింగ్ చట్టం. ఇది 2005 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. ఏడాదికి ఒకటి రెండు వేడుకలు చేసుకునే మనలాంటి వాళ్లకు ఈ చట్టం ఇచ్చిన దారి టెంపరరీ ఈవెంట్ నోటీస్. అందరూ టెన్ అంటారు. ఫీజు 21 పౌండ్లు. కౌన్సిల్ దీన్ని కూర్చుని పరిశీలించి "సరే, ఇస్తున్నాం" అని మంజూరు చేయదు. ఫలానా రోజు ఫలానా చోట ఇలా చేయబోతున్నామని మీరు తెలియజేస్తారు. పోలీసులు గానీ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ (శబ్దం లాంటి ఇబ్బందులు చూసే కౌన్సిల్ విభాగం) వాళ్లు గానీ అభ్యంతరం చెప్పకపోతే, మీరు పరిమితులు దాటకపోతే, కార్యక్రమం జరుపుకోవచ్చు. అందుకే నోటీసు సకాలంలో, సరైన వివరాలతో అందడం ముఖ్యం.

ఫారం తెరిచే ముందు హాలుకు ఒక ఫోన్

హాలు మేనేజర్‌ను మూడు సంగతులు అడగండి. ఒకటి, హాలుకే సొంతంగా మద్యం అమ్మే లైసెన్స్ ఉందా? ఉంటే, వాళ్ల షరతుల ప్రకారం వాళ్ల ఆధ్వర్యంలోనే బార్ నడిపితే మీకు టెన్ అవసరమే రాకపోవచ్చు. రెండు, బుకింగ్ ఒప్పందంలో మద్యం వద్దని రాసి ఉందా? స్కూలు హాళ్లు, గుడి హాళ్లు చాలావాటికి ఆ షరతు ఉంటుంది. టెన్ చేతిలో ఉన్నా ఒప్పందాన్ని కాదనలేరు. మూడు, ఈ క్యాలెండర్ సంవత్సరంలో ఆ హాలు మీద ఇప్పటికే ఎన్ని టెన్‌లు పడ్డాయి?

మూడో ప్రశ్న చాలామందికి తట్టదు. ఒక చోటికి ఏడాదికి 15 టెన్‌లు, అన్నీ కలిపి 21 రోజులు మాత్రమే. 2022, 2023 సంవత్సరాల్లో తాత్కాలికంగా వీటిని 20 నోటీసులు, 26 రోజులకు పెంచారు. ఆ సడలింపు అయిపోయింది. పాత నోట్స్ చూసి 20 అని నమ్మి కూర్చోకండి. రోజుల లెక్కలో ఇంకో మెలిక ఉంది. రాత్రి పన్నెండు దాటితే అది రెండు రోజుల కింద పోతుంది. పన్నెండున్నర దాకా బార్ పెట్టాలని పట్టుబడితే హాలు కోటాలో ఒకటికి బదులు రెండు రోజులు ఖర్చవుతాయి. దీపావళి, క్రిస్మస్ సీజన్ వచ్చేసరికి ఊళ్లో అందరూ వాడుకునే హాలులో ఒక్క రోజు కూడా మిగలకపోవచ్చు. అడ్వాన్సు కట్టక ముందే అడగడం మంచిది.

జనం లెక్క

ఒకే సమయంలో ఆ ప్రాంగణంలో ఉండే మొత్తం మనుషులు 499 దాటకూడదు. ఇది టికెట్లు కొన్నవాళ్ల లెక్క కాదు. వాలంటీర్లు, కేటరింగ్ వాళ్లు, డీజే, సౌండ్ వాళ్లు, నాట్యం చేసే పిల్లలు, వాళ్లకు మేకప్ వేయడానికి వచ్చిన అమ్మమ్మలు, అందరూ ఇందులోకే వస్తారు. 450 టికెట్లు అమ్మేసి "యాభై తక్కువే కదా" అని ధైర్యంగా ఉంటారు. మూడు నాట్య బృందాలు, వాళ్ల తల్లిదండ్రులు వచ్చేసరికి ఆ యాభై నిండిపోతుంది.

సంఖ్య ఎక్కువైతే ఒక చక్కని మార్గం ఉంది. టెన్‌ను భవనం మొత్తానికి కాకుండా ఒక గదికే ఇవ్వవచ్చు. బార్ పెట్టే గది, అక్కడే కూర్చుని తాగే చోటు, ఇంతవరకే అని ఫారంలో స్పష్టంగా రాసి, వీలైతే చిన్న ప్లాను గీసి జత చేయండి. అప్పుడు 499 లెక్క ఆ గదికే. తలుపు దగ్గర ఒక మనిషి నిలబడి గ్లాసులు బయటకు పోకుండా చూసుకోవాలి. కుటుంబాలు వచ్చే వేడుకలకు జనం తక్కువున్నా ఈ ఏర్పాటే మంచిదని నా అభిప్రాయం. తాగనివాళ్లకు ఇబ్బంది ఉండదు, పిల్లలు బార్ చుట్టూ పరుగులు పెట్టరు, పోలీసులకు కూడా మీరు ఆలోచించి చేస్తున్నారని అర్థమవుతుంది.

ఎవరి పేరు మీద?

టెన్ సంఘం పేరు మీద ఇవ్వడం కుదరదు. 18 ఏళ్లు నిండిన ఒక వ్యక్తి ఇవ్వాలి. ఆ రాత్రి బార్‌లో పోసే ప్రతి గ్లాసూ ఆ వ్యక్తే పోయాలి, లేదా ఆయన అనుమతితో ఇంకొకరు పోయాలి. మన సంఘాల్లో గౌరవం కోసం అధ్యక్షుడి పేరు పెట్టేయడం అలవాటు. ఆయన ఆ రాత్రి స్టేజీ మీద జ్యోతి ప్రజ్వలన, అతిథులకు శాలువాలు, ఫొటోలతో తీరిక లేకుండా ఉంటారు. బార్ దగ్గర ఏం జరుగుతోందో ఆయనకు తెలియదు, కానీ బాధ్యత మాత్రం ఆయనదే. అనుమతి లేకుండా గానీ, అనుమతి హద్దులు దాటి గానీ అమ్మితే పరిమితి లేని జరిమానా, 6 నెలల వరకు జైలు శిక్ష పడే అవకాశం ఉంది. కాబట్టి మొదటి సీసా తెరిచినప్పటి నుంచి ఆఖరి గ్లాసు కడిగేదాకా అక్కడే ఉండి, తాను తాగకుండా, "ఇక చాలు అన్నయ్యా" అని పెద్దవాళ్లకు కూడా చెప్పగలిగే మనిషిని ఎంచుకోండి.

ఆ మనిషికి పర్సనల్ లైసెన్స్ (మద్యం అమ్మకానికి వ్యక్తి పేరు మీద తీసుకునే లైసెన్స్) లేకపోతే ఏడాదికి 5 టెన్‌లు, ఉంటే 50. "ఈ ఏడాది నావి అయిపోయాయి, మా ఆవిడ పేరు మీద వేద్దాం" అనే ఆలోచన పనిచేయదు. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఇచ్చినవి కూడా మీ లెక్కలోనే కలుస్తాయి. ఆ వివరాలు ఫారంలోనే అడుగుతారు. అలాగే ఒకే హాలులో మీరు గానీ మీవాళ్లు గానీ ఇచ్చే రెండు నోటీసుల మధ్య 24 గంటల వ్యవధి ఉండాలి. శుక్ర, శనివారాల్లో వరుసగా వేడుక ఉంటే రెండు నోటీసులు వద్దు. ఒకే నోటీసు 168 గంటల వరకు, అంటే వారం రోజుల వరకు చెల్లుతుంది.

తేదీ లెక్క

ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చేద్దాం. నోటీసు కౌన్సిల్‌కు చేరిన రోజుకూ, వేడుక మొదలయ్యే రోజుకూ మధ్య పూర్తిగా 10 పనిదినాలు ఉండాలి. చేరిన రోజు లెక్కలోకి రాదు, వేడుక రోజూ రాదు. శని, ఆదివారాలు, గుడ్ ఫ్రైడే, క్రిస్మస్, బ్యాంక్ హాలిడేలు కూడా రావు.

2026లో దీపావళి నవంబర్ 8, ఆదివారం. మీ సంఘం ముందురోజు శనివారం, 7న వేడుక పెట్టుకుందనుకోండి. క్యాలెండర్ చేతిలోకి తీసుకుని వెనక్కి లెక్కపెట్టండి. నవంబర్ 6, 5, 4, 3, 2 కలిపి ఐదు. అక్టోబర్ 30, 29, 28, 27, 26 ఇంకో ఐదు. పదీ అయ్యాయి. 24, 25 శని, ఆదివారాలు. అంటే అక్టోబర్ 23 శుక్రవారానికి నోటీసు కౌన్సిల్‌కు అందాలి. "రెండు వారాల ముందు అన్నారు కదా" అని 24న పంపితే సోమవారానికి గానీ లెక్కలోకి రాదు, పదికి ఒక రోజు తగ్గుతుంది.

తగ్గితే లేట్ టెన్ అనే ఇంకో దారి ఉంది. 5 నుంచి 9 పనిదినాల ముందు ఇవ్వవచ్చు. పై లెక్కలో దానికి ఆఖరి రోజు అక్టోబర్ 30. పర్సనల్ లైసెన్స్ లేనివాళ్లకు ఏడాదికి ఉన్న 5 టెన్‌లలో 2 మాత్రమే లేట్ టెన్‌లు కావచ్చు. మీ వేడుకను దీని మీద ఆధారపడేలా పెట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. మామూలు టెన్‌కు అభ్యంతరం వస్తే కౌన్సిల్ విచారణ పెడుతుంది, మీ మాట వింటుంది. పోలీసులతో మాట్లాడుకుని బార్ సమయం తగ్గించడం లాంటి మార్పులు చేసుకునే వీలు కూడా ఉంటుంది. లేట్ టెన్‌కు అభ్యంతరం వస్తే విచారణ లేదు, బేరం లేదు, బార్ రద్దయినట్టే. హాలు అడ్వాన్సు, కొన్న సరుకు, టికెట్ కొన్నవాళ్లకు ఇచ్చిన మాట, అన్నీ అప్పటికే అయిపోయి ఉంటాయి.

ఫారంలో ఏం రాయాలి

ఫారం కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో ఇస్తే పోలీసులకు, ఎన్విరాన్‌మెంటల్ హెల్త్‌కు కౌన్సిలే పంపుతుంది. కాగితం మీద ఇస్తే ఆ రెండు చోట్లకూ ప్రతులు మీరే పంపాలి. నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు దగ్గర పెట్టుకుని కూర్చోండి.

కార్యక్రమం వివరం అడిగే గడిలో "కల్చరల్ ప్రోగ్రామ్" అని రెండు మాటలు రాసి వదిలేయకండి. చదివే పోలీసు అధికారి మన వేడుకలు ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. ఇలా రాస్తే ఆయనకు బొమ్మ కట్టినట్టు ఉంటుంది: "స్థానిక తెలుగు కుటుంబాల దీపావళి వేడుక. సాయంత్రం 4 నుంచి పిల్లల నృత్యాలు, 7 గంటలకు భోజనాలు. బార్ పక్క గదిలో, రాత్రి 7 నుంచి 10:30 వరకు. 25 ఏళ్ల లోపు వారిలా కనిపించిన ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డు చూస్తాం. 11 గంటలకు హాలు ఖాళీ చేస్తాం." పొడుగు అక్కర్లేదు, ఈ మాత్రం చాలు. అయితే రాసింది నిజంగా చేయగలిగేదే అయి ఉండాలి.

ఏయే పనులు చేస్తారో టిక్ పెట్టే చోట మద్యం ఒక్కదాన్నే చూసి ముందుకెళ్లకండి. రాత్రి 11 నుంచి ఉదయం 5 లోపు వేడి బిర్యానీ, టీ అమ్మినా అది కూడా అనుమతి కావలసిన పనే. 11 తర్వాత డీజే సాగితే దానికీ టిక్ పెట్టాలి. టిక్‌లు పెరిగినా ఫీజు అదే 21 పౌండ్లు. బార్ సమయం మాత్రం నిజంగా నడిపే గంటలే రాయండి. "ఎందుకైనా మంచిది" అని అర్ధరాత్రి దాటేదాకా రాస్తే చుట్టుపక్కల ఇళ్లకు శబ్దం అవుతుందని అభ్యంతరం వచ్చే అవకాశం పెరుగుతుంది, హాలు కోటాలోనూ ఇంకో రోజు పోవచ్చు.

పంపాక కౌన్సిల్ నుంచి అందినట్టు రసీదు వస్తుంది, మామూలుగా మరుసటి పనిదినంలోపే. రాకపోతే ఊరుకోకుండా ఫోన్ చేయండి. పోలీసులకు, ఎన్విరాన్‌మెంటల్ హెల్త్‌కు అభ్యంతరం చెప్పడానికి 3 పనిదినాలు ఉంటాయి. ఈలోపు వాళ్ల నుంచి ఫోన్ వస్తే టెన్షన్ పడకండి, తప్పించుకోకండి. అడిగినదానికి నేరుగా జవాబు చెప్పండి. చాలాసార్లు వాళ్లకు కావలసింది తలుపు దగ్గర ఎవరుంటారు, సంగీతం ఎప్పుడు ఆపుతారు అన్న రెండు ముక్కలే.

అభ్యాసం

జవాబులు కాగితం మీద రాసి పెట్టుకోండి. వచ్చే పాఠం ఆ రాత్రి బార్ నడిపే పద్ధతి గురించి. అది మొదలుపెట్టే ముందు సరిచూసుకుందాం.

1. 2027 ఏప్రిల్ 10, శనివారం ఉగాది సంబరం. మామూలు టెన్ కౌన్సిల్‌కు చేరాల్సిన ఆఖరి తేదీ ఏది? ఆ ఏడాది ఈస్టర్ ఆదివారం మార్చి 28 అని గుర్తుంచుకుని వెనక్కి లెక్కపెట్టండి.

2. పర్సనల్ లైసెన్స్ లేని సంఘం కార్యదర్శి ఈ ఏడాది 3 టెన్‌లు ఇచ్చారు. ఆయన తమ్ముడు క్రికెట్ క్లబ్ కోసం 2 ఇచ్చాడు. బతుకమ్మకు కార్యదర్శి ఇంకో టెన్ ఇవ్వగలరా? ఇవ్వలేకపోతే సంఘం ఏం చేయాలి?

3. మీ ఊళ్లో మీరు వాడే హాలుకు ఫోన్ చేసి, పైన చెప్పిన మూడు సంగతులు అడిగి, జవాబులు తేదీతో సహా రాసుకోండి.