కొత్త సైకిల్‌కి అదే రిపేరు మళ్లీ మళ్లీ వస్తుంటే ఎక్కడ చూడాలి, షాపులో ఏమడగాలి

ఇరవై వేలు పోసి గేర్ల సైకిల్ కొన్నాక నెల తిరక్కుండానే టకటకలు మొదలవుతాయి, షాపుకి తీసుకెళ్తే అన్న ఏదో స్క్రూ అటూ ఇటూ తిప్పి "అయిపోయింది సార్, తీస్కెళ్లండి" అంటాడు, మళ్లీ వారానికి అదే టకటక. ఈ బాధ చాలామందికి ఉంది. ఇందులో ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే, వచ్చింది కొత్త సైకిల్‌కి మామూలుగా వచ్చే లూజా, లేక అసలు కారణం అలాగే ఉండిపోయి పైపైన సర్దేస్తున్నారా అని.

మామూలు లూజు అంటే ఏంటంటే, సైకిల్ అట్టపెట్టెలో సగానికి పైగా బిగించే వస్తుంది, షాపులో హ్యాండిల్, ముందు చక్రం, పెడళ్లు, సీటు పెట్టి బ్రేకులు గేర్లు సెట్ చేసి ఇస్తారు. కొత్త కేబుల్ మీద ఉండే గొట్టాలు తొక్కేకొద్దీ వాటి జాగాలో కూర్చుంటాయి, చువ్వలు కూడా హబ్బులో (చక్రం మధ్యలో ఉండే డబ్బాలాంటి భాగం) సర్దుకుంటాయి, అందుకే మొదటి నెలలో గేర్లు కొంచెం తప్పడం, చక్రం కొద్దిగా ఊగడం సహజం, ఫస్ట్ ఫ్రీ సర్వీస్ పెట్టిందే అందుకు. ఆ సర్వీస్ అయ్యాక కూడా అదే సమస్య తిరిగొస్తే మాత్రం ఇంకో సర్దుబాటుకి ఒప్పుకోవద్దు, కారణం చూపించమని అడగండి.

గేర్లు సెట్ చేసిన కొద్దిరోజులకే తప్పుతున్నాయి

ముందు తేలికైనది చూడండి. చైన్‌ని ఒక పళ్లచక్రం మీద నుంచి ఇంకోదాని మీదకి జరిపే భాగాన్ని డీరెయిలర్ అంటారు, వెనక డీరెయిలర్ దగ్గర కేబుల్ దూరే చోట చేత్తో తిప్పే చిన్న బ్యారెల్ ఉంటుంది (కొన్నిటికి హ్యాండిల్ మీద గేర్లు మార్చే షిఫ్టర్ దగ్గర ఉంటుంది). చైన్ పెద్ద పళ్లచక్రం మీదకి ఎక్కడానికి మొరాయిస్తే కేబుల్ లూజైనట్టు, బ్యారెల్‌ని అపసవ్యంగా పావు చుట్టు తిప్పి తొక్కి చూసి మళ్లీ పావు చుట్టు, అంతే, ఒకేసారి రెండు మూడు చుట్లు తిప్పేస్తే ఎక్కడున్నామో మనకే తెలీదు. చిన్నదానిమీదకి దిగడానికి మొరాయిస్తే దానికి ఉల్టా. దీనివల్ల వారంటీ ఏం పోదు, భయపడక్కర్లేదు.

ఇలా సెట్ చేసినా మళ్లీ లూజవుతుంటే, డీరెయిలర్ దగ్గర కేబుల్‌ని పట్టి ఉంచే బోల్టు సరిగ్గా బిగించలేదేమో అనుమానించాలి. దీనికి టెస్టు చాలా సింపుల్, మార్కర్ పెన్నుతో బోల్టు పక్కనే కేబుల్ మీద ఒక గీత పెట్టండి, నాలుగు రోజులు తొక్కాక ఆ గీత బోల్టు నుంచి జరిగిందంటే కేబుల్ జారిపోతోంది, బ్యారెల్ ఎంత తిప్పినా లాభం లేదు. గీత జరగలేదు, అయినా గేర్లు తప్పుతున్నాయంటే చూపు హ్యాంగర్ మీదకి పోవాలి.

హ్యాంగర్ అంటే వెనక డీరెయిలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క. అల్యూమినియం ఫ్రేముల్లో దీన్ని కావాలనే మెత్తగా చేస్తారు, సైకిల్ కుడివైపుకి పడితే ఫ్రేము వంగకుండా ఇది వంగాలని. లారీలో అట్టపెట్టె మీద ఇంకో పెట్టె పడినా, పార్కింగ్‌లో పక్కవాడి బండి ఆనుకున్నా చాలు, కంటికి తెలీనంత వంగుతుంది. గుర్తు ఏంటంటే చిన్న పళ్లచక్రాల మీద చైన్ బాగానే నడుస్తుంది, పెద్దవాటి దగ్గర గరగర, అటు సెట్ చేస్తే ఇటు పాడు, ఇటు సెట్ చేస్తే అటు పాడు. సైకిల్ వెనక కూర్చుని చూస్తే డీరెయిలర్‌లో ఉన్న రెండు చిన్న చక్రాలు పైన ఉన్న పళ్లచక్రంతో నిలువుగా ఒకే లైన్లో కనపడాలి, కింది చక్రం చువ్వల వైపుకి వాలి ఉంటే అదే రోగం. దీన్ని కంటి అంచనాతో చేత్తో వంచి సరిచేసే అన్నలూ ఉన్నారు, కానీ చక్రం రిమ్ముతో పోల్చి కొలిచే హ్యాంగర్ గేజి అని ప్రత్యేకంగా ఉంటుంది, "అన్నా గేజి ఉందా" అని అడగండి, లేదంటే వేరే షాపు చూసుకోండి. దీన్ని నాన్చొద్దు, ఎందుకంటే వంగిన హ్యాంగర్‌తో చైన్‌ని వెనక పెద్ద పళ్లచక్రం మీదకి వేసినప్పుడు డీరెయిలర్ చువ్వల్లోకి పోయిందంటే డీరెయిలర్, చువ్వలు, ఒక్కోసారి ఫ్రేము కూడా పోతాయి. ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఆకారం హ్యాంగర్ ఉంటుంది కాబట్టి కొన్నప్పుడే స్పేర్ ఒకటి తీసి పెట్టుకోవడం మంచిది, తర్వాత ఆ మోడల్‌ది దొరకడం గగనం.

పెడల్ తొక్కితే చుట్టుకి ఒకసారి టక్, ఎక్కువగా ఎడమవైపు

నా లెక్కలో కొత్త సైకిల్‌ని నిజంగా పాడుచేసేది ఇదే, షాపులు తేలిగ్గా తీసుకునేదీ ఇదే. సైకిల్ ఆపి రెండు క్రాంకులూ (పెడల్ బిగించే కడ్డీలు) చేత్తో పట్టుకుని పక్కకి ఊపి చూడండి. ఒక్క క్రాంకే ఆడుతుంటే ఆ క్రాంకు బోల్టు లూజు. రెండూ కలిసి ఆడుతుంటే లోపల బాటమ్ బ్రాకెట్, అంటే క్రాంకుల ఇరుసు తిరిగే భాగం, లూజు.

ఈ ధర సైకిళ్లలో క్రాంకు ఒక నాలుగు పలకల ఇరుసు మీద కూర్చుంటుంది, ఇరుసు ఉక్కు, క్రాంకు చాలావాటికి అల్యూమినియం. ఆ బోల్టు దాదాపు 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల బలంతో బిగించాలి, అంటే జేబులో పట్టే అలెన్ కీతో మునివేళ్లతో తిప్పితే సరిపోదు, పొడుగు పానాతో గట్టిగా నొక్కాలి, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచి ఉంటే ఇంకా మంచిది. లూజు క్రాంకుతోనే కొన్నాళ్లు తొక్కారనుకోండి, ఉక్కు పలకలు మెత్తటి అల్యూమినియం కన్నాన్ని అరగదీసి గుండ్రం చేసేస్తాయి. ఒకసారి అలా అయ్యాక ఎంత బిగించినా మళ్లీ లూజవుతుంది, అది బోల్టు తప్పు కాదు, క్రాంకే మార్చాలి. షాపువాడు ప్రతిసారీ బిగించి పంపడం వల్ల మీకు జరిగేది ఏంటంటే వారంటీ టైమ్ కరిగిపోవడం. కొందరు మధ్యలో రేకు ముక్క పెట్టి బిగిస్తారు, పాత సైకిల్‌కైతే మీ ఇష్టం, కొత్తదానికి ఒప్పుకోవద్దు. "బోల్టు తీసి క్రాంకు బయటికి లాగండి, కన్నం చూద్దాం" అనండి, నాలుగు మూలలూ పదునుగా ఉన్నాయా అరిగాయా అక్కడే కనపడుతుంది, ఫోటో తీసుకోండి.

పెడల్ సంగతి కూడా ఇక్కడే. ఎడమ పెడల్‌కి మరలు ఉల్టా ఉంటాయి, అపసవ్యంగా తిప్పితే బిగుస్తుంది. కంగారులో కుడి పెడల్ ఎడమకి పెట్టి బలవంతంగా ఎక్కించినా, వంకరగా ఎక్కించినా క్రాంకులో మరలు పోతాయి, ఆ తర్వాత పెడల్ ఊడి కాళ్ల కింద పడటమే. పెడల్ ఇరుసు చివర ఎల్, ఆర్ అని గుర్తులుంటాయి, చూసుకోండి. కొత్త సైకిల్‌లో మరలు పోతే అది బిగించినవాళ్ల తప్పే, "మీరు రఫ్‌గా తొక్కారు" అంటే నమ్మొద్దు.

డిస్క్ బ్రేక్ రుద్దుకుంటోంది, అరుస్తోంది

చక్రం పైకెత్తి తిప్పి వినండి. చుట్టుకి ఒక్కసారే సర్ మంటే డిస్కు వంగింది, దాని వంపు తీసి సరిచేయొచ్చు. ఆగకుండా సర్‌ర్ అంటుంటే క్యాలిపర్ (డిస్కుని రెండు పక్కలా ప్యాడ్లతో పట్టే భాగం) పక్కకి జరిగింది, దాని రెండు బోల్టులు కాస్త వదులు చేసి, బ్రేకు లివర్ నొక్కి పట్టుకుని, అలాగే బిగిస్తే చాలాసార్లు మధ్యలోకి వచ్చేస్తుంది. కేబుల్‌తో నడిచే మెకానికల్ డిస్కుల్లో చాలావాటికి ఒకవైపు ప్యాడే కదులుతుంది, రెండోది స్థిరంగా ఉంటుంది, దాన్ని లోపలి స్క్రూతో దగ్గరికి తేవాలి. చక్రం తీసి పెట్టినప్పుడల్లా ఈ సమస్య వస్తోందంటే క్యాలిపర్‌ని ముట్టుకోవద్దు, సైకిల్ నేలమీద నిలబెట్టి క్విక్ రిలీజ్ (చక్రం ఇరుసుని బిగించే లివర్) వదిలి, ఇరుసు గాడిలో పూర్తిగా కూర్చున్నాక మళ్లీ బిగించండి.

అరుపు వేరే కథ. సర్వీస్‌కి ఇచ్చి తెచ్చిన రోజు నుంచే కీచుమంటూ, బ్రేకు కూడా సరిగ్గా పట్టకపోతే, షాపులో కుర్రాడు చైన్ మీద కొట్టిన స్ప్రేయో మెరుపు కోసం కొట్టిన పాలిషో డిస్కు మీద పడింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రమైన గుడ్డ తడిపి డిస్కు తుడవాలి, ప్యాడ్లు నూనె పీల్చేసుంటే మార్చడమే మార్గం, ఆ ఖర్చు షాపుదే అవ్వాలి. ఈసారి ఇచ్చేటప్పుడు "పాలిష్ వద్దు" అని ముందే చెప్పేయండి.

అదే చక్రం పంచరు

పంచరు వేయించి ఊరుకోకండి, కన్నం ట్యూబులో ఏ పక్కన ఉందో చూడమనండి. టైరు వైపు ఉంటే తుమ్మముల్లో పల్లేరుకాయో, టైరు లోపల చేయి జాగ్రత్తగా తిప్పి దాన్ని పీకకపోతే కొత్త ట్యూబుకీ గుచ్చుకుంటుంది. పక్కపక్కనే రెండు చీలికలుంటే గాలి తక్కువుండి గుంతలో రిమ్ముకి నలిగింది, టైరు పక్కన రాసిన పీఎస్ఐ (గాలి ఒత్తిడి) చూసి కొట్టించండి. కన్నం రిమ్ము వైపు ఉంటే, కొత్త సైకిల్‌లో ఎక్కువ అనుమానించాల్సింది ఇదే, చువ్వల కన్నాల మీద ఉండే రిమ్ టేపు పక్కకి జరిగింది. టేపు సరిచేయకుండా ఎన్ని ప్యాచీలు వేసినా దండగ.

వెనక చక్రం చువ్వలు తెగుతున్నాయి

"మీ బరువు ఎక్కువ సార్" అంటారు. బరువు కొంత కారణం కావొచ్చు గానీ, ఎక్కువసార్లు అసలు కారణం చువ్వలు లూజుగా ఉండటం. లూజు చువ్వ చక్రం తిరిగిన ప్రతిసారీ హబ్బు దగ్గర వంపులో కొంచెం వంగి లేస్తుంది, అలా అలసిపోయి అక్కడే తెగుతుంది, బిగుతుగా ఉన్నది అంత తొందరగా తెగదు. మిషన్ మీద కట్టిన చక్రాల్లో బిగుతు హెచ్చుతగ్గులు మామూలే. వేలితో చువ్వల్ని మీటి వినండి, ఒకే పక్క ఉన్నవన్నీ దాదాపు ఒకే శ్రుతిలో పలకాలి. కుడి పక్కని ఎడమ పక్కతో పోల్చొద్దు, వెనక చక్రంలో గేర్ల వైపు సహజంగానే ఎక్కువ బిగుతు. తెగిన ఒక్కటి మార్చి బెండు తీసి ఇస్తే మిగతా లూజువి వరసగా తెగుతాయి, కాబట్టి "మొత్తం చక్రం టెన్షన్ సరిచేయండి" అనాలి. అప్పటికీ తెగుతుంటే చక్రమే మార్చమని అడగాలి.

హ్యాండిల్ దగ్గర టకటక వస్తే ముందు చక్రం బ్రేకు పట్టి సైకిల్ ముందుకీ వెనక్కీ ఊపి చూడండి, ఆడితే హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగు) లూజు. అన్నట్టు ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కే వెనక్కి తిప్పి బిగించిన సైకిళ్లు కూడా రోడ్డు మీద కనపడుతుంటాయి, సైకిల్ మీద కూర్చుంటే ముందు చక్రం డిస్కు మీ కుడివైపు ఉందంటే వెంటనే షాపుకి పొండి, అది ఎడమవైపు ఉండాలి.

షాపులో

"సౌండ్ వస్తోంది" అంటే స్టాండ్ మీద చక్రం తిప్పి "ఏం లేదు సార్" అంటాడు, ఆయన తప్పు కూడా కాదు, స్టాండ్ మీద బరువు పడదు కదా. కొన్ని సౌండ్లు హైదరాబాద్‌లో ఓఆర్ఆర్ పక్కన సోలార్ సైకిల్ ట్రాక్ లాంటి చదును రోడ్డు మీద ఎంత తొక్కినా రావు, ఫిలింనగర్ నుంచి జూబ్లీహిల్స్ ఎక్కేటప్పుడు వస్తాయి. అందుకే ఎక్కుడులోనా, ఏ గేర్లో, తొక్కితేనా ఆపినా వస్తుందా, ఇవి చెప్పండి, ఫోన్లో వీడియో చూపించండి, మెకానిక్‌నే ఎక్కించి ఒక రౌండ్ వేయించండి. ఆదివారం సాయంత్రం రద్దీలో వెళ్తే ఎవడూ పట్టించుకోడు, వారం మధ్యలో పొద్దున్నే పోవాలి. గొంతు పెంచి లాభం లేదు, "అన్నా ఇది మూడోసారి, ఈసారి విప్పి చూద్దాం" అంటే చాలామంది వింటారు.

ఇచ్చిన ప్రతిసారీ జాబ్ కార్డు (షాపు రాసిచ్చే సర్వీస్ చీటీ) మీద మీ మాటల్లోనే సమస్య రాయించండి, "జనరల్ సర్వీస్" అని రాస్తే తర్వాత ఏం నిరూపించలేరు. కార్డు లేని షాపైతే ఇంటికొచ్చి వాట్సాప్‌లో "ఈరోజు ఫలానా సమస్యకి ఫలానాది బిగించారు, థ్యాంక్స్" అని ఒక మెసేజ్ పెడితే అదే రికార్డు. బాటమ్ బ్రాకెట్ కింద చెక్కిన ఫ్రేము నంబరు, బిల్లు ఫోటో తీసి పెట్టుకోండి. ట్యూబు, ప్యాడ్లు, చైన్ అరుగుడు సామాన్లని వారంటీ ఇవ్వరు, అది న్యాయమే, కానీ క్రాంకు కన్నం, తెగే చువ్వలు కొత్త సైకిల్‌లో అరుగుడు కావు, ఎక్కువసార్లు తయారీదో బిగింపుదో లోపం.

షాపు తేల్చకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ కాదు, మెయిల్ పెట్టండి. అక్కడా నాన్చితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఇక జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది, 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, ఆన్‌లైన్లోనూ వేయొచ్చు, 5 లక్షల లోపు కొన్న వస్తువుకి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడ మీద బోర్డు ఉన్నా లోపమున్న వస్తువుకి అది వర్తించదు, బిల్లులో రాసిన గడువులో, ఏమీ రాయకపోతే 30 రోజుల్లో, లోపమున్నది వాపసు తీసుకోనంటే అదే చట్టంలో అక్రమ వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. కాకపోతే అక్కడిదాకా పోయేముందు సైకిల్ మొత్తం మార్చమని పట్టుబట్టకుండా, ఆ చక్రమో ఆ క్రాంకో కొత్తది ఇమ్మని రాతపూర్వకంగా అడిగి చూడండి, సైకిల్ మొత్తం మార్చడానికి మొండికేసే డీలర్లు కూడా ఒక్క పార్టు అంటే కంపెనీకి తేలిగ్గా క్లెయిమ్ పెడతారు.