తాళం వేశానా లేదా అని వెనక్కి పోయే వాళ్ళకి: ఆ చెకింగ్ ఎట్టా తగ్గించుకోవాల

కావలిలో బస్సెక్కి కోవూరు దాకా వచ్చేసినాక, ఇంక పెన్నా దాటితే నెల్లూరే అనంగా, గ్యాస్ కట్టేశానా తాళం పడిందా అని దడ మొదలై దిగిపోయి వెనక్కి పోయేవాళ్ళు ఉంటారు. చూసేవాళ్ళకి చాదస్తం, వాళ్ళకి మాత్రం నరకం. ఇది ఓసీడీ కావొచ్చు, అంటే వద్దన్నా అదే ఆలోచన వస్తా, చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే మానసిక జబ్బు. అది ఉన్న చాలామందిలో ఒక ఆలోచన నుంచి ఇంకోదానికి మళ్ళడం, చెయ్యి ఊరుకోనప్పుడు ఆపుకోవడం, ఈ రెండూ కష్టమవుతాయి, కావాలని చేసేది కాదు. 2013లో అమెరికా సైకియాట్రీ డాక్టర్లు జబ్బుల్ని గుర్తుపట్టేదానికి వాడే తమ మాన్యువల్‌లో ఓసీడీని యాంగ్జైటీ జబ్బుల్లోంచి తీసి వేరే పెట్టారనుకోండి, భయం మాత్రం అదే భయం.

ఇంకో తమాషా ఏందంటే, ఎన్నిసార్లు చూస్తే అంత అనుమానం పెరుగుద్ది, మళ్ళీ మళ్ళీ చెక్ చేస్తే మన జ్ఞాపకం మీద మనకే నమ్మకం పోతుందని ప్రయోగాల్లోనే తేలింది. అందుకే తాళానికి ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోమనే సలహా నాకు అసలు నచ్చదు, అది కూడా చెకింగే, రేపు ఫోటోని ఇరవైసార్లు చూస్తారు.

చెకింగ్ తగ్గించుకునేదానికి గ్యాస్‌తో మొదలుపెట్టబాకండి. భయానికి వందకి ఎన్ని మార్కులో వేసుకోని, ముప్పై నలభై వచ్చే చిన్నది పట్టుకోండి, ఫ్యాన్ స్విచ్చో బీరువా తలుపో. ఒక్కతూరి నిదానంగా చూసి వచ్చేయండి. మళ్ళీ చూడాలనిపిస్తే వద్దు అనుకోకుండా పది నిమిషాలాగి చూస్తాలే అనుకోండి, ఆ పది నిమిషాలు దడ ఉంటే ఉండనీండి, దాన్ని తరమబాకండి, చేసే పని చేస్తా ఉండండి. తర్వాత అరగంట, తర్వాత అసలు చూడకుండా. దడ పూర్తిగా తగ్గకపోయినా ఓర్చుకోగలమని తెలుస్తది కదా, అసలు పని అదే. 1966లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు ఇట్టాంటి పద్ధతి గురించి రాశాడు, ఇప్పుడు దాన్ని ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, అంటే భయానికి ఎదురు నిలబడి చెకింగ్ ఆపుకోవడం) అంటున్నారు.

ఇంట్లోవాళ్ళకి ఒక మాట. "తాళం వేశాంలే అమ్మా" అని అడిగినప్పుడల్లా చెప్తే ఆ నిమిషానికి శాంతి, గంటకి మళ్ళీ అదే ప్రశ్న. ముందుగానే ఇద్దరూ మాట్లాడుకోని, "ఇది ఓసీడీ అడగతా ఉంది, సమాధానం చెప్పను గానీ నీ పక్కనే ఉంటా" అనండి. తిట్టబాకండి, ఎగతాళి అసలొద్దు.

రోజుకి గంటకి మించి దీనికే పోతా ఉంటే సొంత వైద్యం చాలదు, ఒంగోలు రిమ్స్‌లోనో నెల్లూరు పెద్దాసుపత్రిలోనో సైకియాట్రీ ఓపీకి పోండి. మందులిస్తే పని చేసేదానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు, పదిరోజులకే ఆపేయబాకండి. పోయేదానికి మొహమాటమైతే మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, ఏ టైములోనైనా తెలుగులోనే మాట్లాడతారు, ఫ్రీనే.