కారు ట్రెయిలర్ తోక ఊపుతుంటే: ముందు కాటా, తర్వాత టేపు

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చే ఫ్లాట్‌బెడ్ ట్రెయిలర్లవాళ్లు చాలామంది ఒకటే మాట మోసుకొస్తారు: "అన్నా, డెబ్బై దాటితే తోక ఊపుతోంది, యాక్సిల్ వెనక్కి జరిపెయ్." జరుపుతాను, నా బతుకుదెరువే అది. కాటా చీటీ ఏదయ్యా అంటే మాత్రం మొహాలు చూసుకుంటారు. తూకం వెయ్యకుండా గ్యాస్ కట్టర్ వెలిగించమంటే ఎలా?

తోక ఊపుతోంది, లారీ పక్కనుంచి పోతే ఇంకా ఎక్కువ

లాగే బండి హుక్ మీద బరువు చాలట్లేదన్నమాట. లోడుతో కలిపి మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్ మీద పడాలి. ట్రెయిలర్ 600 కిలోలు, పైన స్విఫ్ట్ సుమారు 900 అనుకోండి. మొత్తం 1500, హుక్ మీద 150 నుంచి 225 మధ్య ఉండాలి. కారు ఎక్కించాకే తూయాలి. పలక నేలమట్టానికి ఉన్న కాటా చూసుకుని, లాగే బొలెరోని విప్పేసి, హుక్‌కి తగిలించే కప్లింగ్ కింద దిమ్మ పెట్టి ఆ దిమ్మ ఒక్కటే పలక మీద ఉండేలా నిలపండి. డెక్కు మట్టంగా ఉండాలి. ముక్కు చక్రం మీద తూచొద్దు. అది కప్లింగ్‌కి వెనక ఉంటుంది కాబట్టి ఉన్నదానికంటే ఎక్కువ చూపించి మోసం చేస్తుంది.

తక్కువ వచ్చిందా? అప్పుడైనా వెల్డింగ్ దాకా వెళ్లకండి. కారు ఎటు తిరిగి ఉందో చూడండి. ముందు ఇంజిన్ ఉన్న చిన్న కార్లలో బరువు అరవై శాతం పైగా ముందు చక్రాల మీదే ఉంటుంది. యాక్సిడెంట్ బండిని వెనక నుంచి లాగి ఎక్కిస్తే ఆ బరువంతా తోక వైపు పోతుంది. హుక్ నుంచి యాక్సిల్‌కి 4 మీటర్లున్న ట్రెయిలర్ మీద స్విఫ్ట్‌ని తిప్పి ఎక్కిస్తే హుక్ మీద సుమారు 110 కిలోలు తగ్గుతాయి. నూటయాభై కాస్తా నలభై అవుతుంది. ఇంకేం మిగిలింది?

కారు సరిగ్గానే ఉంటే దాని చక్రాల ముందుండే అడ్డకమ్మీని ముందుకు జరపండి. 100 మిల్లీమీటర్లు జరిపితే 20 కిలోల పైన కలుస్తుంది, ఖర్చు నాలుగు బోల్టులు. అప్పటికీ చాలకపోతేనే యాక్సిల్. అదే ట్రెయిలర్‌లో యాక్సిల్ 100 మిల్లీమీటర్లు వెనక్కి పోతే హుక్ మీద 30 కిలోల పైన పెరుగుతుంది. ఇది బండి కొలత మార్చడమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, ఆర్టీఓ ఆఫీసులో అడక్కుండా చేయించుకోకండి.

తూకం సరిగ్గా ఉంది, అయినా ఊపుతోంది

నన్ను కాల్చింది ఇదే. ఒకాయన ట్రెయిలర్‌కి యాక్సిల్ నేనే జరిపాను. హుక్ మీద 170 వచ్చింది, చీటీ చేతిలో పెట్టి పంపాను. వారం తిరక్కుండా ఫోను. వారధి మీద జాయింట్లు దాటుతుంటే వెనక ఎవరో పక్కకి తోసినట్టుందట, కాజ టోల్‌గేటు దగ్గర బ్రేకు కొడితే ఎడమకి లాగిందట. బరువు చాల్లేదేమోనని ముందు రెండు ఇసక బస్తాలు వేయించాను. బొలెరో వెనక కుంగి, లైట్లు ఆకాశంలోకి చూశాయి. ఊపు మాత్రం పోలేదు. మూడోసారి వచ్చినప్పుడు పక్క షెడ్డులో కమాన్లు (బండి బరువు మోసే పట్టీల స్ప్రింగులు) కట్టే పెద్దాయన చూసి, "టేపు పట్టావురా?" అన్నాడు. పట్టలేదు.

కప్లింగ్ మధ్య నుంచి కుడి చక్రం హబ్‌కీ ఎడమ చక్రం హబ్‌కీ కొలిస్తే తేడా 12 మిల్లీమీటర్లు.

జరిగిందేమిటంటే, కమాను కట్ట మధ్యలో ఉండే సెంటర్ బోల్టు తల, యాక్సిల్ మీద కమాను ఆనే సీటులోని బెజ్జంలో కూర్చోవాలి. యాక్సిల్‌ని దాని చోట కుదిర్చేది అదే, అక్కడ జరక్కుండా అదిమి పట్టుకునేవి యూ బోల్టులు. కొత్త సీటుకి మావాడు బెజ్జం పెద్దది కొట్టాడు. నేను దానిమీద రెండు పూతలు పెయింటు వేయించి, ఆ పెయింటు మీదే కమాను బిగించాను. లోడు పడేకొద్దీ పెయింటు నలిగింది, యూ బోల్టు పట్టు వదిలింది. గుంతల్లో, బ్రేకుల్లో ఆ దెబ్బంతా సెంటర్ బోల్టే తిని తెగిపోయింది. తెగినా తుప్పుతో అక్కడే అంటుకుని ఉంటుంది, పైనుంచి చూస్తే నిక్షేపంగా కనిపిస్తుంది. అప్పట్నుంచి బ్రేకు కొట్టినప్పుడల్లా ఎడమ చక్రం జరిగి ట్రెయిలర్‌ని అదే తిప్పుతోంది.

కళ్లతో పట్టుకోవాలంటే టార్చి వేసి కమానుకీ సీటుకీ మధ్య చూడండి. కారప్పొడిలా ఎర్రటి తుప్పు రాలి, దాని పక్కన వేలెడు మేర ఇనుము తళతళలాడుతుంటే అక్కడ రాపిడి జరుగుతున్నట్టే. పానాతో సెంటర్ బోల్టు నట్టు తిప్పండి, బోల్టుతో సహా తేలిగ్గా తిరిగితే తెగినట్టే.

సీటు మీద పెయింటు ఇనుము కనపడేదాకా గీకండి. బోల్టు తలకి సరిగ్గా పట్టే బెజ్జం ఉన్న సీటు వేయండి. సెంటర్ బోల్టూ యూ బోల్టులూ కొత్తవే వాడాలి, సాగిన యూ బోల్టు మళ్లీ పట్టదు. నాలుగు నట్లూ ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించి టేపు పట్టండి. తేడా 3 మిల్లీమీటర్లు మించితే వదిలి మళ్లీ కట్టాలి. లోడుతో ఓ 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి పానా వేయాలి. ఈ చివరి పని చెప్పినా ఎవరూ రారు, అందుకే ఇప్పుడు గుంటూరు దాకా ట్రయలు నేనే పోయి, వచ్చి బిగించాకే బండి ఇస్తున్నాను.

బొలెరో వెనక కుంగింది, స్టీరింగు తేలిపోతోంది

హుక్ మీద ఎక్కువైంది. కారు వెనక్కి జరిపి మళ్లీ తూయండి. మీ బండి హుక్ ఎంత మోస్తుందో పుస్తకంలో ఉంటుంది, పదిహేను శాతం లెక్క దాన్ని దాటకూడదు.

బేరింగ్ ఆట, బాల్ అరుగుదల, టైర్లలో గాలి: జాకీ ఎత్తినప్పుడు చూసేస్తారు, వాటి గురించి చెప్పడానికేం లేదు. దారిలో ఊపు మొదలైతే మాత్రం బ్రేకు గట్టిగా తొక్కొద్దు, స్టీరింగుతో సరిచేయబోవద్దు. స్టీరింగు నేరుగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేయండి.