ఈస్టర్‌కి పోలాండ్‌లో తిరగాలంటే

2027లో ఈస్టర్ మార్చి 28న. అదే రోజు తెల్లవారుజామున గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, రెండు కాగానే మూడు. ఆ ఉదయం రైలుంటే చేతి గడియారాన్ని నమ్మకండి.

గుడ్ ఫ్రైడే అక్కడ సెలవు కాదు. సెలవులు ఆదివారం, సోమవారం. శనివారం మధ్యాహ్నం రెండింటికల్లా దుకాణాలు మూసేయాలన్నది చట్టం. ఆ తర్వాత పాలు, బ్రెడ్డు కావాలంటే పెట్రోల్ బంకో, యజమాని స్వయంగా కౌంటర్లో నిలబడే చిన్న కొట్టో దిక్కు. అందుకే శుక్రవారమే మూడు రోజుల సరుకు తెచ్చేసుకోండి. ఊళ్ల మధ్య తిరిగే ఇంటర్‌సిటీ రైళ్ల టికెట్లు సాధారణంగా 30 రోజుల ముందే తెరుస్తారు. సోమవారం సాయంత్రం తిరుగు రైళ్లు కిక్కిరిసిపోతాయి, మంగళవారం పొద్దున రాగలిగితే మేలు.

శనివారం చర్చిల దగ్గర జనం తెల్లగుడ్డ కప్పిన చిన్న బుట్టలతో కనిపిస్తారు. రంగులద్దిన గుడ్లు, రొట్టె, ఉప్పు, సాసేజ్, గొర్రెపిల్ల ఆకారంలో వెన్న. దీన్ని శ్వెంచోంకా అంటారు. ఆశీర్వదించిన ఆ తిండి ఆదివారం పొద్దుటి భోజనానికి. బుట్టల మీదకి వంగి ఫోటోలు తీయకండి.

ఎవరైనా ఇంటికి పిలిస్తే పూలు బేసి సంఖ్యలో పట్టుకెళ్లండి. చామంతులు మాత్రం వద్దు, అక్కడ అవి సమాధుల మీద పెట్టే పూలు! గుమ్మం మీదుగా చేయి కలపకూడదు, లోపలికి అడుగుపెట్టాకే. శాకాహారులైతే ముందే చెప్పండి, జురెక్ సూప్‌లో సాసేజ్ ముక్కలుంటాయి.

సోమవారం నీళ్లు చల్లుకునే రోజు. ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి.